సీసం గాలానికి ఏ రంగేద్దాం?

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పటి సంగతి. మాది కోయిల్‌సాగర్ దగ్గర ఒక పల్లె. పొద్దున్నే చేపల డబ్బా అరుగు మీద పెట్టి, గాలం కట్టెకు తంగూసు ఎక్కించుకుంటున్నాను. మా అక్క మనుమరాలు, నాలుగేళ్ల పిల్ల, పక్కనే కూర్చుని ఆడుకుంటోంది. కాసేపటికి అక్క కేక వినిపించింది.

తిరిగి చూస్తే పిల్ల పెదవులకు ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది. చేతిలో సీసం గుండు. కొలత చూసుకుందామని కొక్కెం పెట్టకుండా నేను పోసిందే అది. పైన వేసిన ఎర్ర నెయిల్ పాలిష్ సగం ఊడిపోయి, లోపలి బూడిదరంగు సీసం బయటపడింది. దాన్ని చాక్లెట్ అనుకుని చప్పరించింది.

నోరు కడిగించి, చేతులు కడిగించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. రక్తంలో సీసం ఎంతుందో తెలిపే పరీక్ష రాశారు. శాంపిల్ హైదరాబాద్‌కు పోయింది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి భయపడాల్సిందేం లేదన్నారు. అయినా ఆ రోజు అక్క అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"రెండు చేపల కోసం గింత విషం ఇంట్ల పెట్టుకుంటవా తమ్మీ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ సరదా మానెయ్యాలి, లేదంటే పద్ధతిగా చెయ్యడం నేర్చుకోవాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. గాలానికి రంగు ఎలా ఎంచుకోవాలన్నది నాకు అప్పటినుంచే నిజంగా అర్థమవుతూ వచ్చింది.

జిగ్ అంటే ఇంతే

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జిగ్ అంటే తలకాయ దగ్గర సీసం పోసిన కొక్కెం. తోకకు ఈకలో, రబ్బరు పురుగో కడతారు. నీళ్లలోకి విసిరి, అడుగుకు దిగనిచ్చి, కట్టెతో ఎగరేస్తూ లాగితే చిన్న చేప గెంతుతున్నట్టే ఉంటుంది. వేటాడి తినే చేపలే దీనికి పడతాయి. మన నీళ్లలో కొర్రమట్ట, వాలుగ, జెల్ల ఆ రకం. బొచ్చె, రవ్వల కోసం మీరు దీన్ని వాడితే రోజంతా చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు. వాటికి పిండి గాలమే మేలు.

కొన్న జిగ్గులు ఖరీదు. అదీగాక సాగర్ బండల్లో ఇరుక్కుని రోజుకు నాలుగైదు తెగిపోతాయి. అందుకే చాలామంది ఇంట్లోనే పోసుకుంటారు. అల్యూమినియం అచ్చు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. టైర్ల షాపులో పాత బ్యాలెన్సింగ్ సీసం దొరుకుతుంది. పాత బ్యాటరీల సీసం జోలికి మాత్రం పోకండి. అందులో యాసిడ్, ఇతర విషపు లోహాలు కలిసి ఉంటాయి.

నెయిల్ పాలిష్ ఎందుకు నిలవదు?

మొదట్లో నేను వాడింది మా ఆవిడ నెయిల్ పాలిష్. తర్వాత గేటుకు వేసే ఎనామిల్. రెండూ చూడ్డానికి బాగుండేవి. నాలుగుసార్లు బండకు తగిలితే పెచ్చులు లేచేవి. రబ్బరు పురుగులను అదే డబ్బాలో పెడితే ఇంకో చిక్కు వచ్చేది. ఆ రబ్బరును మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం పాలిష్‌ను కరిగించి, అంతా జిగురు ముద్ద చేసేది.

పూత ఊడిపోతే చేపలు పడవేమోనన్నదే అప్పట్లో నా దిగులు. సీసం బయటపడుతుందన్న ఆలోచనే రాలేదు. పూత చేసే మొదటి పని సీసానికీ మన చేతికీ మధ్య గోడలా నిలవడం. చేపను పిలవడం ఆ తర్వాతే.

సీసం విషయంలో ఇంత ఉంటే పర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకే మోతాదు కడుపులోకి పోయినా పెద్దల కంటే చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందనీ అంటోంది. నష్టం మెదడుకు. ఇది చదివాక నెయిల్ పాలిష్ సీసా విసిరేశాను.

బీరువాల షాపులో పాఠం

గట్టి పూత ఎక్కడుందా అని వెతికితే మా ఇంట్లోని బీరువాయే కనిపించింది. పదిహేనేళ్లయినా పెచ్చు లేవలేదు. అది పౌడర్ కోటింగ్. ఇందులో థిన్నర్ ఉండదు, తడి ఉండదు. రెజిన్, దాన్ని గట్టిపరిచే రసాయనం, రంగు కలిపి పిండిలా ఆడిన పొడి. వేడి లోహానికి తగిలితే కరిగి పరుచుకుంటుంది. ఓవెన్‌లో కాలితే రసాయన బంధాలు ఏర్పడి, మళ్లీ కరగనంత గట్టిపడుతుంది. 1950ల మొదట్లో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్, గాలితో పొడిని తేలేలా చేసి వేడి లోహాన్ని అందులో ముంచే పద్ధతి కనిపెట్టాడు. మనం ఇంట్లో జిగ్‌కు చేసేది సరిగ్గా అదే.

నల్గొండలో బీరువాలకు, గ్రిల్స్‌కు కోటింగ్ వేసే ఒక షాపుకు పోయాను. యజమాని నా చేతిలోని గుండును అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"గింత గోళీకి కోటింగా సారూ?"

చేపల సంగతి చెప్పాక కుర్చీ వేశాడు. ఆయన చెప్పినవి, తర్వాత నేను చదివి, చేసి చూసుకున్నవి కలిపితే పౌడర్ కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు.

మొదటిది: ఏ రకం? ఎపాక్సీ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. ఎండలో ఉంచితే మాత్రం సున్నంలా పొడిబారుతుంది. పాలియెస్టర్ ఎండను తట్టుకుంటుంది, అందుకే గేట్లకు వాడతారు. రెండూ కలిపిన హైబ్రిడ్ బీరువాల రకం. "ఇంట్ల ఉండేదానికి హైబ్రిడ్, ఎండల ఉండేదానికి పాలియెస్టర్, గంతే సారూ లెక్క" అన్నాడాయన. జిగ్ ఎండలో ఉండేది కొన్ని గంటలే. మిగతా కాలమంతా డబ్బాలోనే. దానికి అసలు శత్రువు బండ. అందుకే నా ఓటు ఎపాక్సీకి లేదా హైబ్రిడ్‌కు.

రెండోది: ఎంత వేడి, ఎంతసేపు? ఇది డబ్బా మీదే రాసి ఉంటుంది. మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 20 నిమిషాలు. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర కాబట్టి ఓవెన్‌లో గుండుకు ఢోకా లేదు.

మూడోది: రంగులో సీసం ఉందా? నన్ను నివ్వెరపరిచిన ప్రశ్న ఇది. మెరిసే పసుపు, నారింజ రంగుల కోసం పరిశ్రమల్లో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగును చాలాకాలంగా వాడుతున్నారు. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ నియమం ఇళ్ల రంగుల గురించే. పరిశ్రమల పౌడర్ దాని కిందికి రాదు. సీసాన్ని కప్పడానికి తెచ్చిన రంగులోనే సీసం ఉంటే ఇక మనం చేసిందేముంది? అందుకే డబ్బా మీద సీసం లేనిదని రాసి ఉంటేనో, కంపెనీ కాగితం చూపిస్తేనో పసుపు, నారింజ తీసుకోండి. లేకపోతే తెలుపు, నలుపులతో సరిపెట్టుకోండి.

నాలుగోది: గట్టిపరిచే రసాయనం ఏది? కొన్ని పాలియెస్టర్ పౌడర్లలో టీజీఐసీ అనేది ఉంటుంది. అది జన్యువులకు హాని చేసే పదార్థమని యూరప్‌లో వర్గీకరించారు. అది లేని పాలియెస్టర్లూ దొరుకుతున్నాయి, అడిగి తీసుకోండి. ఎపాక్సీ, హైబ్రిడ్‌లతో ఈ తంటా ఉండదు.

షాపులో రంగుల కార్డు ముందు పెడతారు. దాని మీద ఆర్‌ఏఎల్ అంకెలుంటాయి. 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన లెక్క ఇది. 9005 అంటే నలుపు, 9016 తెలుపు, 1012 నిమ్మపసుపు. పేరు చెబితే షాపుకో తీరుగా ఇస్తారు. అంకె చెబితే ఎక్కడైనా అదే రంగు.

రంగు నీళ్లను చూసి ఎంచుకోవాలి

చేపకు ఏ రంగు ఇష్టం అని అందరూ అడుగుతారు. నేనూ ఏళ్ల తరబడి అదే అడిగాను. ఒకసారి డిండి గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా డబ్బాలోని పన్నెండు రంగులు చూసి, "గివన్నీ నీకు కనవడుతున్నయ్ బిడ్డా, నీళ్లల్ల ఎన్ని కనవడుతయ్?" అన్నాడు. అంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నీళ్లు వెలుతురును వడగడతాయి. తేట నీళ్లలో ముందు పోయేది ఎరుపే. కొన్ని మీటర్ల లోతుకు పోయేసరికి మెరిసే ఎర్ర గుండు మసకబారి నల్లగా కనిపిస్తుంది. నీలం, ఆకుపచ్చ వెలుతురు ఇంకా లోతుకు పోతుంది. బురద నీళ్లలో కథ తిరగబడుతుంది. అక్కడ నీలం ముందే పోతుంది, ఎరుపు, నారింజ కాస్త ముందుకు పోతాయి. అసలు చూపే జానెడు దూరం ఆననప్పుడు రంగు కంటే నీడ ముఖ్యం. చేప కింది నుంచి పైకి చూస్తే ఆకాశపు వెలుతురుకు అడ్డంగా స్పష్టంగా కనిపించేది నలుపే.

ఈ లెక్కను మన జిల్లాల నీళ్లకు కట్టుకుంటే ఇలా తేలింది.

కృష్ణ జూరాల దగ్గర మన రాష్ట్రంలో మొదటి ఆనకట్టను తాకుతుంది. వరద రోజుల్లో అక్కడ నీళ్లు మట్టి రంగులో ఉంటాయి. అప్పుడు నలుపు, లేదంటే నారింజ. ఆ మట్టిలో చాలా భాగం పైనున్న రిజర్వాయర్లలోనే పేరుకుపోతుంది. శ్రీశైలం దాటి నాగార్జునసాగర్ చేరేసరికి నీళ్లు తేటబడతాయి. 590 అడుగుల నిండు మట్టంతో చలికాలంలో సాగర్ నీలంగా మెరుస్తుంది. అక్కడ తెలుపు. పరక చేప పొట్టలా ఉండే తెలుపు. దాని మీద కాస్త లేత ఆకుపచ్చ అద్దితే ఇంకా మంచిది.

పాలమూరు ఎర్ర చెల్కల్లోని చెరువుల సంగతి వేరు. వానలు పడ్డాక నీళ్లు ఇటుకపొడి కలిపినట్టుంటాయి. అక్కడ నేను నలుపు తప్ప ఇంకోటి కట్టను. ఎండాకాలంలో అదే చెరువు తగ్గిపోయి పాచితో పచ్చబడుతుంది. అప్పుడు నిమ్మపసుపు బాగా కనిపిస్తుంది. రాత్రి వేటాడే వాలుగకు మాత్రం రంగుల గొడవే లేదు. దానికి పొడుగాటి మీసాలే సగం కళ్లు. నలుపు కట్టి, మెల్లగా లాగితే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మూడు డబ్బాలు చాలు: తెలుపు, నలుపు, నిమ్మపసుపు. మిణుగురులా మెరిసే ఫ్లోరసెంట్ రంగులు తెచ్చుకుంటే ముందు తెలుపు పూత వేసి, దాని మీద వెయ్యండి. సీసం మీద నేరుగా వేస్తే మాసిన గుడ్డలా తేలతాయి. అవి ఎండకు త్వరగా వెలుస్తాయి కూడా.

పూత వేసే తీరు

సీసం కరిగించే పని ఇంట్లో వద్దు. ఆరుబయట, గాలి వాటం చూసుకుని, పిల్లలు లేనప్పుడు చెయ్యండి. అచ్చులో గానీ గరిటెలో గానీ ఒక్క చుక్క తడి ఉన్నా అది ఆవిరై, కరిగిన సీసం మొహానికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, మూసిన చెప్పులు తప్పనిసరి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. చేతులు సబ్బుతో కడగనిదే నీళ్లు కూడా తాగొద్దు.

గుండును ముందు ఉప్పుకాగితంతో కాకుండా సన్నని కత్తి అంచుతో చెక్కి నునుపు చెయ్యండి. ఉప్పుకాగితంతో రుద్దితే సీసం దుమ్ము లేస్తుంది. జిడ్డు పోయేలా తుడవండి. పౌడర్‌ను చిన్న డబ్బాలో పోసి కుదిపి గుల్ల చేసుకోవాలి. ఎక్కువ జిగ్గులు చేసేవాళ్లు డబ్బా అడుగున వడకాగితం బిగించి, చేపల తొట్టికి పెట్టే గాలి పంపుతో కింది నుంచి ఊదుతారు. పొడి పొంగే పాలలా తేలుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గాల్లో లేచిన పొడికి మంట తగిలితే భగ్గుమంటుంది. అందుకే దీపం దగ్గర ఈ పని వద్దు. నేను హీట్ గన్ వాడతాను, అదీ డబ్బాకు దూరంగా. ముక్కుకు మాస్క్ మరవొద్దు.

కొక్కేన్ని పట్టకారుతో పట్టుకుని సీసం తలకాయను పావు నిమిషం అటూ ఇటూ వేడి చెయ్యాలి. కొక్కెం మొనకు వేడి తగలనివ్వకండి. పొడిలో ఒక్క క్షణం ముంచి తీసెయ్యాలి. పైన పొడిపొడిగానే ఉంటే వేడి చాలలేదు, మళ్లీ కాస్త చూపించండి. కారి బొట్టు కడితే వేడెక్కువైంది. నునుపుగా, తడిగా మెరిస్తే సరిపోయింది. తంగూసు కట్టే కంతలో పూత చేరితే అప్పుడే సూదితో పొడిచెయ్యాలి. గట్టిపడ్డాక అది రాదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ మొదట ఆగాను. చూడ్డానికి పూత పూర్తయినట్టే ఉంటుంది, కానీ బండకు తగిలితే గాజులా పగులుతుంది. ఓవెన్‌లో కాలితేనే అది పూత. తీగకు వేలాడదీసి, డబ్బా మీద చెప్పిన వేడిలో, చెప్పినంతసేపు ఉంచాలి. ఓవెన్ ముల్లును నమ్మకండి, లోపల విడిగా థర్మామీటర్ పెట్టుకోండి. నిమిషాల లెక్క గుండు వేడెక్కాకే మొదలవుతుంది. ఆ ఓవెన్ ఇక వంటకు పనికిరాదు. నేను పాత సామాన్ల కొట్టులో ఒకటి కొని, దాని మీద 'తిండికి కాదు' అని రాసి వెనక షెడ్డులో పెట్టాను.

చల్లారాక పరీక్ష. నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకంలో దూది ముంచి పాతికసార్లు రుద్దండి. కాస్త మెరుపు తగ్గొచ్చు గానీ రంగు దూదికి రాకూడదు. వస్తే ఇంకా కాలలేదన్నమాట. ఒకప్పుడు నెయిల్ పాలిష్ పూసిన చేత్తోనే ఇప్పుడు దాన్ని తుడిచే నీళ్లతో పరీక్ష పెడుతున్నాను!

మిగిలిన పౌడర్‌ను మూత బిగించి, చల్లని చోట పెట్టండి. మన నల్గొండ ఎండలకు రేకుల షెడ్డులో పెడితే మే నెలలోనే గడ్డకడుతుంది.

సీసమే మానేస్తే?

మంచి ప్రశ్న. బ్రిటన్‌లో హంసలు సీసం గుండ్లు మింగి చనిపోతున్నాయని 1987లోనే చిన్న సీసం గుండ్లను గాలాల నుంచి నిషేధించారు. మనం తెంపుకున్న ప్రతి జిగ్ ఆ రిజర్వాయర్ అడుగునే ఉండిపోతుంది. పూత ఎంత గట్టిదైనా ఏదో ఒక రోజు అరుగుతుంది.

తగరం మంచి దారి. 232 డిగ్రీలకే కరుగుతుంది, విషం కాదు. సీసం కంటే తేలిక, ఖరీదు ఎక్కువ. పౌడర్‌ను 180 దగ్గరే కాల్చుకుంటే గుండు నిలుస్తుంది, 200 దాటనివ్వకండి. బిస్మత్, తగరం కలిపిన మిశ్రమంతో మాత్రం జాగ్రత్త. అందులో ఒక రకం 139 డిగ్రీలకే కరిగిపోతుంది. ఓవెన్ తెరిచేసరికి ఉత్త కొక్కేలు వేలాడుతూ ఉంటాయి. నేను చిన్న గుండ్లన్నీ తగరానికి మార్చాను. లోతు నీళ్లకు వాడే బరువైనవి మాత్రం ఇంకా సీసమే. అదీ తగ్గించుకుంటూ వస్తున్నాను.

గట్టు మీదికి పోయేముందు

ఊరి చెరువులో చేపలు మత్స్య సహకార సంఘం వాళ్లు పిల్లలు వదిలి పెంచుకున్నవి. వాళ్ల బతుకుతెరువు అది. అడగనిదే గాలం వెయ్యొద్దు. నేనెప్పుడూ ముందు సంఘం పెద్దమనిషిని కలుస్తాను. డ్యామ్ దగ్గరి నిషేధిత చోట్లు, కృష్ణ ఒడ్డున ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు అసలే వద్దు.

ఇంకొకటి. వానాకాలంలో నీటి మీద ఎర్రటి చేపపిల్లల గుంపు కనిపిస్తే అవి కొర్రమట్ట పిల్లలు. కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ సమయంలో ఏ రంగు జిగ్ వేసినా మీద పడుతుంది. ఆకలితో కాదు, పిల్లల మీది ప్రాణంతో. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. దాన్ని అప్పుడు పట్టుకుంటే వెనకున్న పిల్లల గుంపు మొత్తం పోతుంది. ఆ గుంపు కనిపిస్తే నేను గాలం చుట్టేసి ఇంకో పక్కకు పోతాను.

పోయిన దసరాకు మళ్లీ ఊరికి పోయాను. డబ్బాకు తాళం, తాళంచెవి నా మొలతాడుకు. అక్క డబ్బా తెరిపించింది. ఒక నల్ల జిగ్‌ను బయటికి తీసి గోటితో గీరింది. పెద్ద గోరుతో, తర్వాత తలుపు గొళ్లెంతో. ఏమీ ఊడలేదు. ఇంకోసారి గీరి, వెలుతురులో పెట్టి చూసింది.

"సరే పో" అంది. "వచ్చినంక చేతులు కడుక్కోనిదే పిల్లను ఎత్తుకోకు."

ఆ సాయంత్రం వాలుగ ఒకటి పడింది. కూర అక్కే వండింది. నేను మాత్రం ముందు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, పిల్లను ఎత్తుకున్నాకే తినడానికి కూర్చున్నాను.